రేడియోలో మూడు కిలోల ఇనుము

మొన్న గుంటూరులో హామ్ రేడియో వాళ్లు ఒక సభ పెట్టి నన్ను పిలిచారు. శాలువా కప్పారు. కప్పాక మైకు చేతికిచ్చి, "ఆ రోజుల్లో సెట్లు ఎంత గట్టిగా, ఎంత బరువుగా ఉండేవో నాలుగు మాటలు చెప్పండి బాబాయ్ గారూ" అన్నారు. వెనక బల్ల మీద ఒకప్పుడు నేను బాగుచేసిన పాత వాల్వు సెట్టు పూలదండ వేసుకుని కూర్చుంది. దండ వేశారంటే అది పోయిందని వాళ్లకీ తెలుసన్నమాట.

"అది గట్టిది కాదు నాయనా, లావుది. రెంటికీ తేడా తెలిసి కూడా నేను ఒక టీచరమ్మ గారి చేత ఆరు నెలలు ఉత్త ఇనుము మోయించాను" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శాలువా వెనక్కి అడుగుతారేమోనని కాస్త అనుమానం కూడా వచ్చింది. మిగతాది చెప్పబోతే భోజనాలు చల్లారిపోతున్నాయన్నారు.

ఆ మిగతాదే ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం. పాతవాళ్లు చదివితే నాతో పోట్లాటకి వస్తారు. రండి, నేనూ ఖాళీగానే ఉన్నాను.

ఒక టిక్కీ

నేను ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టాను. బడి కూడా నాకు పెట్టింది. ఆ విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు.

గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్లే దారిలో బసవయ్య గారి రేడియో షాపులో చేరాను. సెట్టుకి చెవి ఆనించి విని ఏ వాల్వు పోయిందో చెప్పగల మనిషి ఆయన. టంకం వేస్తే చుక్క మెరిసేది. నా చేతికి పని నేర్పింది ఆయనే, ఆ మాట ఎప్పుడూ కాదనను. కాకపోతే కస్టమరు ముందు నిలబడితే ఆయనకి తన పని మీద తనకే నమ్మకం ఉండేది కాదు. అంత పనిమంతుడికి అంత పిరికితనం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మామూలు రేడియోలతో పాటు మేం హామ్‌లకి సెట్లు కట్టేవాళ్లం. హామ్‌లంటే పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సరదాకి గాలిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు. వాళ్లు వ్యాపారం మాట్లాడకూడదు. గుంటూరులో వ్యాపారం ఊసెత్తకుండా పది నిమిషాలు మాట్లాడగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? అందుకే మాకు కస్టమర్లు తక్కువ.

అప్పటి సెట్టంటే ఇనుప పెట్టె, అందులో సీసాల్లాంటి రెండు పెద్ద వాల్వులు, వాటికి మేత పెట్టడానికి ఇనప రేకుల మీద రాగితీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు. దాన్ని రిక్షా ఎక్కించాలంటే ఇద్దరు పట్టాలి, మూడోవాడు తిట్టాలి. సెట్టు తయారవగానే బసవయ్య గారు దాన్ని ఎదురుగా ఉన్న కమీషన్ కొట్టుకి మోయించి, మిర్చి తూచే కాటా మీద పెట్టించేవారు. మిర్చి బస్తాని మా దగ్గర టిక్కీ అంటారు, నలభై కిలోలు పైమాటే. ముల్లు అక్కడికి చేరిందంటే, "టిక్కీ తూగిందిరా!" అని మనవడు పుట్టినట్టు మురిసిపోయేవారు.

అదే కాటా మీద మిర్చి కాస్త ఎక్కువ తూగితే కమీషన్ కొట్టాయన ముక్కు చిట్లించి, నీళ్లు చల్లారేమోనని కాయ విరిచి చూసేవాడు. రేడియో ఎక్కువ తూగితే మాత్రం "సరుకుంది" అని తలాడించేవాడు. అదే మనిషి, అదే కాటా. ఎవరైనా బరువు చూసి వస్తువుని మెచ్చుకుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

బెల్లం మాట్లాడదు

పొదిలి హైస్కూల్లో సైన్సు చెప్పే కోటేశ్వరమ్మ గారు ఒక ఆదివారం షాపుకి వచ్చారు. లైసెన్సు ఉన్న హామ్. బస్సు దిగుతూ పడి ఎడమ భుజం దెబ్బతింది, చెయ్యి పూర్తిగా పైకి లేవదు.

"నాలుగు కిలోలు దాటకుండా ఒక సెట్టు కావాలి. నేనే బస్సెక్కించుకోవాలి, నేనే దించుకోవాలి. చుట్టుపక్కల ఊళ్ల బళ్లకి తీసుకెళ్లి పిల్లలకి వినిపిస్తాను" అన్నారు.

బసవయ్య గారు నవ్వారు. "నాలుగు కిలోల్లో రేడియో ఏంటమ్మా? బెల్లం కొనుక్కెళ్లండి."

"బెల్లం మాట్లాడదు కదండీ" అన్నారావిడ.

ఆ మాటకి నేను పడిపోయాను. మూడు నెలలు కూర్చుని కట్టాను. వాల్వులు లేవు, అన్నీ ట్రాన్సిస్టర్లే. టార్చి బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మరూ లేదు. పెట్టె అల్యూమినియం రేకుతో. బ్యాటరీలతో సహా మూడున్నర కిలోలు తూగింది. పూర్తయిన రోజు పొద్దున్నే దాంట్లో మాట్లాడితే మద్రాసు నుంచి ఒకాయన జవాబిచ్చాడు. నేను కుర్చీలోంచి లేచి కుర్చీకే షేక్‌హ్యాండ్ ఇచ్చినంత పని చేశాను.

బసవయ్య గారు ఒంటిచేత్తో ఎత్తి చూశారు. మొహం మాడిపోయింది.

"ఏరా నాగులూ, లోపల ఏమన్నా పెట్టావా, ఉత్త డబ్బా ఇస్తున్నావా?"

"అంతా పెట్టానండి. మద్రాసు పలికింది."

"పలికితే సరా? ఎత్తగానే చేతికి నమ్మకం తగలాలి. ఇది ఎత్తితే దూది ఎత్తినట్టుంది. బసవయ్య మోసం చేశాడని రేపు పొదిలంతా చెప్పుకుంటారు."

ఆ భయంతోనే మోసం చేయించారు. పత్తి జిన్నింగ్ మిల్లు పాతసామాన్లలోంచి ఒక ఇనుప ప్లేటు తెచ్చారు. మూడు కిలోలు. నేను దానికి నాలుగు బెజ్జాలు వేసి, నల్లరంగు పూసి, సెట్టు అడుగున నాలుగు బోల్టులతో బిగించి, కనపడకుండా కింద ఇంకో రేకు కప్పాను. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. నా జన్మలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు.

కోటేశ్వరమ్మ గారు వచ్చి ఎత్తి చూశారు. "నాలుగు దాటకూడదన్నాను కదా నాగులూ?"

బసవయ్య గారు నావైపు చూశారు. నేను నోరు తెరిచాను. "లోపల వేడి లాగే ప్లేటు ఉందండి. అది లేకపోతే కాలిపోతుంది."

ఆవిడ "సరేలే, కాలిపోకూడదు కదా" అని పట్టీ కుడిభుజానికి తగిలించుకున్నారు. గుమ్మం దగ్గర ఎడమ భుజానికి మార్చారు. మెట్లు దిగుతూ మళ్లీ కుడికి మార్చారు. నేను టంకం కడ్డీ తీసుకుని పనిలో పడినట్టు నటించాను. దానికి కరెంటు పెట్టలేదని తర్వాత చూసుకున్నాను.

ఎందుకు చెప్పలేదంటారా? ఉద్యోగం పోతుందని. బసవయ్య గారు తిడితే పడగలను గానీ పొమ్మంటే ఎక్కడికి పోవాలో తెలియదు. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు, ఉందని రాస్తే నమ్మకండి.

నాలుగు బోల్టులు

ఆవిడ నెలకో కార్డు రాసేవారు. ఏ ఊరి బడికి వెళ్లిందీ, ఏ ఊరు పలికిందీ, పిల్లలు ఏం అడిగిందీ. చివర్లో భుజం గురించి ఒక వాక్యం. "రేడియో బాగుంది, భుజమే కొంచెం ట్యూనింగ్ తప్పింది." ఇంకో నెల, "ఈసారి కండక్టరు దించిపెట్టాడు, పుణ్యాత్ముడు." నాకు మాటకి మాట అందించడం తెలుసు, ఊరంతా అదే చెబుతారు. ఆ కార్డుల్లో ఒక్కదానికీ జవాబు రాయలేకపోయాను.

ఆరో నెలలో ఆవిడే వచ్చారు. సెట్టు బల్ల మీద పెట్టారు.

"వెనక్కి తీసుకోండి బసవయ్య గారూ. నాలుగు కిలోలు దాటి ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంక నేను ఏ ఊరూ వెళ్లలేను."

"అయ్యో, అలాగేనమ్మా, మీ ఇష్టం" అని బసవయ్య గారు చెయ్యి చాపారు. ఎదురు కమీషన్ కొట్టాయన కూడా మా బల్ల దగ్గరే కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఉండండి" అన్నాను.

"ఏరా?"

"అందులో మూడు కిలోలు నావండి. అవి తీసుకుని మిగతాది ఆవిడకి ఇచ్చేస్తాను."

బసవయ్య గారికి అర్థమైంది. గొంతు తగ్గించారు. "నాగులూ, ఆ బోల్టు మీద చెయ్యి పడిందంటే నువ్వు ఈ షాపు మెట్లు దిగడమే."

"నాలుగు బోల్టులండీ. మన షాపుకి మూడే మెట్లు. నాలుగోది ఉచితం."

స్క్రూడ్రైవర్ అందుకుని సెట్టు తిరగేశాను. రేకు తీశాను. బోల్టులు తీశాను. ప్లేటు బల్ల మీద పడితే టీగ్లాసు ఎగిరింది.

"అది... అది ఎర్త్ ప్లేటమ్మా" అన్నారు బసవయ్య గారు. "పిడుగులు పడతాయని..."

కమీషన్ కొట్టాయన ప్లేటు ఎత్తి చూసి, "బసవయ్యా, ఇది మిర్చికి నీళ్లు చల్లినట్టుందయ్యా" అన్నాడు. నవ్వింది ఆయనొక్కడే.

కోటేశ్వరమ్మ గారు నన్నే చూస్తున్నారు. "వేడి లాగే ప్లేటన్నావు. వేడికి అల్యూమినియం వేస్తారు, ఇనుము ఎవరైనా వేస్తారా? బళ్లో నేనే చెబుతాను. లోపల ఏం ప్లేటని ఆ రోజు నేనెందుకు అడగలేదు?"

ఆవిడ తన మీదే కోప్పడటం నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

ఆవిడే సెట్టుకి షాపు మీది ఏరియల్ తీగ తగిలించి పిలిచారు. రెండు పిలుపులకే నెల్లూరు పలికింది. ప్లేటు ఉన్నప్పుడు ఎంత గట్టిగా పలికేదో లేనప్పుడూ అంతే. ఆవిడ సెట్టు భుజాన వేసుకున్నారు. ఈసారి భుజం మార్చలేదు.

"ప్రతి కార్డులోనూ భుజం సంగతి రాశాను. చదివావా?"

"చదివానండి."

"అయితే ఈ ప్లేటు పారెయ్యకు, నీ దగ్గరే ఉంచుకో. ఇక నుంచి నాకు సెట్టు తెచ్చినప్పుడల్లా దీన్నీ మోసుకురా. నేను మూత తీసి లోపల చూసేదాకా నీ సెట్టు ఏదీ తీసుకోను."

ప్లేటు చంకలో పెట్టుకుని మూడు మెట్లూ దిగాను. మళ్లీ ఆ షాపు ఎక్కలేదు.

తక్కెడ

చిలకలూరిపేటలో చిన్న బంకు పెట్టుకున్నాను. అందులో ఒక తక్కెడ వేలాడదీశాను. ఒక సిబ్బెలో ఎప్పుడూ ఆ ప్లేటు. నేను కట్టిన సెట్టూ, బాగుచేయడానికి వచ్చిన సెట్టూ ఏదైనా సరే ఇంకో సిబ్బెలో పెట్టి చూసేవాణ్ణి. మొదట్లో సెట్టే కిందికి దిగేది. కొన్నేళ్లకి రెండూ సమానంగా ఊగాయి. ఆ రోజు బంకు ముందు నిలబడ్డవాళ్లందరికీ టీ ఇప్పించాను, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ప్లేటే కిందికి దిగింది, మళ్లీ లేవలేదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు చేసే పని అరచేతిలో పట్టే బోర్డు చేయడం మొదలుపెట్టింది. వంద ట్రాన్సిస్టర్ల పని ఒక్క నల్లపురుగు లాంటి ముక్క చేసింది. ఇప్పుడు లోపలి భాగాలు నువ్వుగింజల్లా ఉంటాయి. తుమ్మితే ఎగిరిపోతాయి. యార్డు వ్యాపారుల సెట్లయితే మూత తీయగానే మిర్చి ధూళి లేచి బంకంతా తుమ్మేది. అలా పోయిన కెపాసిటర్లు కొన్ని ఇంకా చిలకలూరిపేటలోనే ఎక్కడో తిరుగుతున్నాయి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ప్లేటు పాపం కడుక్కోవాలని నాకు తేలిక పిచ్చి పట్టింది. నరసరావుపేటలో ఒక పత్తి వ్యాపారి గారికి సెట్టు కడుతూ, ఇంకా తేలిక చేద్దామని నిజంగా వేడి లాగే అల్యూమినియం ముక్కని కూడా సగానికి కోసేశాను. మే నెల, ఎండ. ఆయనకి మైకు దొరికితే వదిలే అలవాటు లేదు. పావుగంట ఏకధాటిగా మాట్లాడి ఫోన్ చేశారు.

"నాగులూ, నీ రేడియోలో ఏమన్నా వడియాలు వేయిస్తున్నావా? వాసన వస్తోంది."

ట్రాన్సిస్టరు మాడిపోయింది. నా ఖర్చుతో కొత్తది వేసి, ముక్కని మళ్లీ పూర్తి కొలతకి పెట్టాను. ఆ ముక్క అరచేయంత. అది పనిచేసే బరువు. ఉత్తినే కూర్చునే బరువు వేరు. పెట్టె మూత తీస్తే ఏది ఏదో కనిపెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. నాకే తెలిసింది కదా.

అంతా చిన్నదైపోయిందని కూడా మురిసిపోకండి. తీగ చిన్నది కాలేదు. నలభై మీటర్ల బ్యాండులో, అంటే అల పొడవు నలభై మీటర్లున్న చోట, మాట బాగా పోవాలంటే అందులో సగం తీగ ఉండాలి. బసవయ్య గారి రోజుల్లో అరవై ఆరు అడుగుల తీగ కట్టాం. ఈరోజు సెట్టు జేబులో పట్టినా తీగ అరవై ఆరు అడుగులే. "సెట్టు ఇంత చిన్నదైతే తీగ అంత పొడవెందుకండీ?" అని అడుగుతారు. మాట పోవాల్సిన దూరం చిన్నదైందా? చిటికెనవేలంత తీగతో దేశమంతా పలుకుతుందని ఎవడైనా అమ్మజూపితే వాడి ఊరు అడగండి, అక్కడిదాకా పలికించమనండి.

స్టిక్కరు

బంకు మూసి రెండేళ్లయింది. ఈ వేసవిలో కోటేశ్వరమ్మ గారు ఫోన్ చేశారు. ఎనభై దాటారు. నేను కట్టిన పాత సెట్టు మూడున్నర కిలోలు కూడా ఇప్పుడు బల్ల మీద నుంచి ఒళ్లోకి తీసుకోలేకపోతున్నారట. "చేత్తో పట్టుకునేది ఏదన్నా చూడు. మాట్లాడటం మానేయలేను" అన్నారు.

నేను కట్టలేదు. నా కళ్లకి ఆ నువ్వుగింజలు ఆనవు. కొన్నాను. పట్నంలో అమ్మేవాడు పెట్టె ఇస్తూ, "సార్, మూత విప్పకండి. ఇదిగో స్క్రూ మీద స్టిక్కరు. అది చిరిగితే గ్యారంటీ పోతుంది. ఇవి విప్పే వస్తువులు కావు" అన్నాడు.

"విప్పకూడని వస్తువుకి స్క్రూ ఎందుకు పెట్టారయ్యా?" అన్నాను.

వాడు నవ్వి బిల్లు చేతికిచ్చాడు. మనకి తెలియకుండా లోపల ఏదో ఉంచాలనుకునేవాడే మూత తీయొద్దంటాడు. నేను అలాంటి మూత స్వయంగా బిగించినవాణ్ణి, నాకు చెప్పకండి. ఇప్పటికీ చవక సామాన్లలో నమ్మకం కోసం ఇనపముక్కలు పెట్టేవాళ్లున్నారు, నా బంకులోనే రెండు మూడు దొరికాయి. బసవయ్య గారు ఒక్కరే పోయారు, ఆయన ఆలోచన పోలేదు.

ఇంటికొచ్చి కొత్త సెట్టుని బంకు నుంచి తెచ్చుకున్న తక్కెడలో పెట్టాను. ప్లేటు కదలలేదు. ఈగ వాలినా కదలదు కదా, అలా.

పొదిలి బస్సెక్కాను. సెట్టు చొక్కా జేబులో, ప్లేటు సంచిలో. పాత సెట్టు బాగుచేసి తీసుకెళ్లిన ప్రతిసారీ ప్లేటూ మోశాను, ఆవిడ పెట్టిన షరతు ఒక్కసారీ తప్పలేదు. డెబ్బై దాటాక మూడు కిలోలంటే ఎంతో నాకూ తెలిసింది. బస్టాండు నుంచి వాళ్ల ఇంటికి వెళ్లేలోపు నాలుగుసార్లు చెయ్యి మార్చాను.

ఆవిడ సెట్టుని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇందులో ప్లేటు ఎక్కడ పెట్టావు?"

"చోటు లేదండి."

"చోటుంటే పెట్టేవాడివన్నమాట. స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు."

"టీచరమ్మ గారూ, ఆ స్టిక్కరు చిరిగితే గ్యారంటీ పోతుందట."

"పోనీ. నువ్వు మొదట ఇచ్చిన గ్యారంటీ ఎంత బరువుందో నాకు గుర్తుంది" అని గోటితో స్టిక్కరు చీల్చేశారు.

ఆవిడ చేతిలో స్క్రూ రెండుసార్లు జారింది. నేను చెయ్యి చాపితే తోసేశారు. మూత తీసి, భూతద్దం పెట్టుకుని, బోర్డంతా ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశారు. నేను ఏడో తరగతి పరీక్ష ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను. ఆ పరీక్ష ఫలితం మీకు తెలుసు.

మధ్యలో వేలు ఆగింది. "ఈ రేకేంటి?"

"వేడికండి. అల్యూమినియం."

"అలాగా."

సొరుగు లాగి బళ్లో వాడిన పాత అయస్కాంతం తీశారు. ముందు నా సంచి దగ్గరికి లాక్కుని ప్లేటుకి తాకించారు. ఠక్కున అంటుకుంది. రెండు చేతులతో ఊడదీయాల్సి వచ్చింది. తర్వాత దాన్ని ఆ చిన్న రేకు మీద పెట్టి వదిలారు. అంటుకోలేదు. జారి ఆవిడ ఒళ్లో పడింది.

ఆవిడ మళ్లీ పెట్టారు. మళ్లీ జారింది.

మూత మూసి, ఉన్న రెండు స్క్రూలూ తనే బిగించుకున్నారు. సెట్టుని దాని తాడుతో మెడలో వేసుకున్నారు.

"బాగానే ఉంది" అన్నారు. "ఆ ప్లేటు ఇక్కడే వదిలెయ్, ఇంక మోయొద్దు. మేడెక్కి తీగ కట్టు. కొలిచి కట్టు, అరవై ఆరడుగులు."